నిండని గుంత

కొలిమిగుండ్లలో మా పాత మిద్దె వెనక దొడ్డిలో మరుగుదొడ్డికి గుంత తవ్వించవలసి వచ్చింది. మా ప్రాంతం చూసినవారికి తెలిసే ఉంటుంది, ఇక్కడ మన్ను పైపూత వంటిది. రెండడుగుల దాకా గడ్డపారకు లొంగుతుంది, ఆ తరువాత అంతా రాయే. మూడవనాటి మధ్యాహ్నానికి అయిదడుగుల లోతున, గుంత మూలగా, రాతిలో ఒక పగులు బయటపడింది. చెయ్యి దూరేటంత వెడల్పు. మేస్త్రీ ఒక బక్కెట్టు నీళ్ళు తెప్పించి అందులో కుమ్మరించాడు. రాయి ఆ నీళ్ళను గుటుక్కున మింగింది. రెండవ బక్కెట్టూ అంతే. ఆయన ముఖం వెలిగిపోయింది.

"నీ అదృష్టం అన్నా! ఇట్లాంటి బిలం దొరికినాక ఈ గుంత ఇంగ నిండేది లేదు. నీ మనవల కాలం దాకా తోడించే పని ఉండదు."

మా అమ్మ సంతోషించింది. గోడ మీదుగా చూస్తున్న ప్రక్కింటి చిన్నమ్మ "మాకు ఇట్లాంటిది తగలకపాయనే" అని నొచ్చుకున్నది కూడా. ఆ గుంతకు నలభై అడుగుల దూరంలో చిన్నమ్మ వాళ్ళ బోరు ఉన్నది. వేసవిలో మా బోరు ఎండిపోతే మేము తాగేది ఆ నీళ్ళే.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆ రెండు బక్కెట్ల నీళ్ళు ఎక్కడికి పోయినట్టు? మిత్రులారా, ఈ ప్రశ్న నా ఒక్కడి దొడ్డికి సంబంధించినది కాదనీ, దీనికి నూటపాతికేళ్ళకు మించిన చరిత్ర ఉన్నదనీ నాకు కొంత తెలుసు. ఆ చరిత్ర మా ఊరి ప్రక్కనే ఉన్న బెలుం గుహలో మొదలుపెట్టి చెప్పుకోవచ్చు. చివరకు అది పగడపు దిబ్బల దాకా పోతుంది. ఈ వ్యాసంలో ఆ దారి చెప్పే ప్రయత్నం చేస్తాను.

* * *

మా మండలమంతా పరచుకుని ఉన్న రాతిని భూగర్భశాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి అంటారు. మేము నాపరాయి అంటాము. మా ఇళ్ళ గోడలు, మిద్దెల కప్పులు, వాకిట బండలు, చేల గట్లు అన్నీ అదే. తాడిపత్రి, బేతంచెర్ల బండలని ఊరూరా అమ్ముడుపోయేవీ ఈ కోవలోవే. సిమెంటు కర్మాగారాలు మా వైపుకు రావడానికీ ఈ రాయే కారణం. ఒకానొకప్పుడు ఇక్కడ నిలిచిన సముద్రపు అడుగున సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడితే ఈ రాయి అయినది. అది ఎంత పాతదంటే, నేడు సముద్రాల్లో ఉన్న పగడపు జాతులేవీ అప్పటికింకా పుట్టనేలేదు.

సున్నపురాతికి ఒక స్వభావం ఉన్నది. వాన చినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంతా, మట్టిలోని దానిని మరింతా కలుపుకుని పలుచని ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం రాతి పగుళ్ళలో దిగి, లక్షల ఏళ్ళపాటు కొద్దికొద్దిగా రాతిని కరిగించుకుంటూ పోతుంది. సన్నని పగులు సందవుతుంది, సందు సొరంగమవుతుంది, సొరంగం గుహ అవుతుంది. బెలుం గుహలు అట్లా ఏర్పడినవే. కొలతకు అందినంతవరకు వాటి పొడవు 3,229 మీటర్లు. మైదానపు నేలలో తెరుచుకున్న బిలాలలోనుంచి లోపలికి దిగాలి. బెలుం అన్న పేరు బిలం అన్న మాటనుంచే వచ్చిందని చెబుతారు.

భారత భూగర్భ పరిశీలన శాఖలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1884లో ఈ గుహలను పత్రాలకెక్కించాడు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాతరాతియుగపు చేతిగొడ్డలిని గుర్తించి, భారతదేశపు ప్రాక్చరిత్ర అధ్యయనానికి పునాది వేసిన ఫూట్ ఈయనే. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో ఈయనా, ఈయన కుమారుడూ తవ్వకాలు జరిపినదీ ఆ రోజుల్లోనే. అటు తరువాత దాదాపు నూరేళ్ళు బెలుంను పట్టించుకున్న పరిశోధకులు లేరు. 1982, 83 సంవత్సరాల్లో డానియెల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ గుహాన్వేషకుల బృందం వచ్చి, స్థానికుల సాయంతో లోపలి దారులన్నీ కొలిచి పటం గీసింది.

పరిశోధకులు పట్టించుకోలేదన్నాను గానీ, చుట్టుప్రక్కల ఊళ్ళవాళ్ళు ఆ బిలాన్ని తమ పద్ధతిలో వాడుకుంటూనే ఉన్నారు. చెత్తా చెదారం పారవేసేందుకు అంతకంటే అనువైన చోటు ఇంకేమున్నది? ఎంత వేసినా నిండదు, కంటికి కనబడదు, వాసన పైకి రాదు. మా అవ్వ పాత సామాను దేన్నైనా వదిలించుకోవలసి వస్తే "బిలంలో పడేసినట్టే అనుకో నాయనా" అనేది. పోయిన వస్తువును ఇక తలచుకోనక్కరలేదని దాని భావం. గుహలను బాగుచేయడానికి పూనుకున్న నాటికి లోపల మురికినీళ్ళూ, చెత్తా పేరుకుని ఉన్నాయి. ఒక పోలీసు అధికారీ, ఊరి పెద్దలు కొందరూ పట్టుబట్టడంవల్ల పని ముందుకు సాగింది. 1980లలో ప్రభుత్వం దానిని రక్షిత స్థలంగా ప్రకటించింది. 1999లో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ చేపట్టి, దారులు వేసి, దీపాలు పెట్టి, 2002 ఫిబ్రవరిలో సందర్శకులకు తెరిచింది.

నేడు అక్కడికి వెళ్ళినవారు కోటిలింగాలూ, సప్తస్వరాల గుహా చూసి ఆశ్చర్యపోతారు. చిట్టచివర, నేలమట్టానికి 46 మీటర్ల లోతున, పాతాళగంగ అనే చిన్న నీటిపాయ ఉన్నది. అది ఏడాది పొడవునా పారుతుంది, కొంతదూరం పారి రాతిలోకి మాయమవుతుంది. ఆ నీరు రెండు కిలోమీటర్ల దూరంలోని బెలుం ఊరి బావికి చేరుతుందని స్థానికుల నమ్మకం.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క నమ్మకంలో ఉన్నది. ఆ పాయ తమ బావికే వస్తుందని నమ్మినవాళ్ళున్న చోటనే, గుహ చెత్తకుండీ అయింది. ఇందులో మా వాళ్ళను వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. పాతాళగంగ ఒక పుణ్యమైన సంగతి, చెత్త ఒక ఇంటిపని. ఈ రెండూ ఒకే రాతిలో ఒకే నీటికి సంబంధించిన సంగతులని తోచకపోవడం మానవ సహజం. సముద్రాలకవతల చదువుకున్న దేశాల్లోనూ అదే జరిగింది.

* * *

ఫ్రాన్సులో ఎడ్వార్ అల్ఫ్రెడ్ మార్టెల్ అనే న్యాయవాదికి గుహలంటే పిచ్చి. ఆ పిచ్చే గుహాశాస్త్రంగా స్థిరపడింది. 1891లో, సున్నపురాతి నేల అయిన లో ప్రాంతంలో, ఆయనా ఆయన తోటివాళ్ళూ ఒక ఊట నీళ్ళు తాగి జబ్బుపడ్డారు. కారణం వెదుకుతూ ఎగువనున్న బిలంలోకి దిగితే అడుగున దూడ కళేబరం కుళ్ళుతూ కనబడింది. చచ్చిన పశువులను బిలంలో పడవేయడం అక్కడి రైతుల వాడుక. అదే నీరు రాతి సందుల్లోంచి దిగువకు నడిచి, నిర్మలమైన ఊటగా పైకి వస్తున్నది. చూపుకు తేటగా ఉన్న నీరు శుద్ధమైనదని ఎవరూ అనుమానించలేదు. మార్టెల్ పదేళ్ళపాటు పట్టువిడవకుండా వాదించాడు. 1902 ఫిబ్రవరి 15న ఫ్రాన్సు చేసిన ప్రజారోగ్య చట్టంలో, బిలాల్లో పశుకళేబరాలు పారవేయడాన్ని నిషేధించారు. బిలం చెత్తకుండీ కాదని ఒక దేశం చట్టంలో వ్రాసుకున్న తొలి సందర్భాల్లో ఇది ఒకటి.

దానికి ఆరునెలల ముందు ఆ దేశంలోనే ఇంకొక వింత జరిగింది. 1901 ఆగస్టు 11న పోంటార్లియే పట్టణంలో పెర్నో వారి మద్యం కర్మాగారంపై పిడుగు పడి అంటుకున్నది. పీపాలు పేలిపోకుండా లోపలి సరుకును వదిలివేశారు. సోంపు వాసన గల ఆ ఆబ్సింత్ ప్రక్కనున్న డూ నదిలో కలిసింది. రెండు మూడు రోజులకు, పది కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న లూ నది పుట్టుకచోట నీళ్ళు సోంపు వాసన కొట్టాయి. రెండు వేరు వేరు నదులు, మధ్య కొండలు. డూ నది అడుగున ఉన్న రాతి పగుళ్ళ ద్వారా నీరు జారి లూ నదికి ఊటగా వెళుతున్నదని అట్లా బయటపడింది. 1910లో మార్టెల్ నీటిలో రంగు కలిపి ఆ సంగతిని రూఢి చేశాడు.

ఇసుక నేలలో, గరప నేలలో నీరు అడుగు కదలడానికి ఎంతో సమయం తీసుకుంటుంది. ఆ ఆలస్యంలోనే మంచి జరుగుతుంది. మట్టిరేణువులు మురికిని పట్టుకుంటాయి, మట్టిలోని సూక్ష్మజీవులు దానిని తినివేస్తాయి, రోగక్రిములు ఆకలితో చస్తాయి. సున్నపురాతి పగులులో నీటికి ఆలస్యం లేదు, వడపోత లేదు. అది గొట్టంలో పారినట్టు పారుతుంది. మా మేస్త్రీ దేనిని అదృష్టమన్నాడో దానికే గుహాశాస్త్రం ప్రమాదమని పేరుపెట్టింది.

* * *

మురుగునీటి శుద్ధి చరిత్రను ఈ వెలుగులో చూస్తే ఒక విషయం తేటపడుతుంది. మనిషి కనిపెట్టిన శుద్ధి పద్ధతులన్నీ మట్టి చేసే పనిని అనుకరించినవే.

ఫ్రాన్సులోని వెసూల్ పట్టణవాసి జాన్ లూయీ మురా గాలి చొరని తొట్టిలో మురుగును నిలువబెడితే ఘనపదార్థం చాలావరకు కరిగిపోతుందని గమనించి 1881లో హక్కుపత్రం పొందాడు. ఇంగ్లండులో ఎక్సెటర్ నగరపు ఇంజనీరు డోనాల్డ్ క్యామెరాన్ 1890లలో అటువంటి తొట్టిని కట్టి సెప్టిక్ ట్యాంకు అన్న పేరును వాడుకలోకి తెచ్చాడు. ఆ పేరు ఇప్పుడు మన పల్లెల్లోనూ అందరి నోటా ఉన్నది. అయితే చాలామందికి తెలియని సంగతి ఏమంటే, ఆ తొట్టి సగం పని మాత్రమే చేస్తుంది. మడ్డి అడుగున ఆగుతుంది, తొట్టినుంచి బయటికి వచ్చే నీరు మురుగునీరే. మిగతా సగం పని దాని తరువాతి మట్టి చేయాలి. మట్టి లేనిచోట ఆ సగం జరగనే జరగదు.

పట్టణాల మురుగుకు దారి చూపింది మాంచెస్టరు. అక్కడి గిల్బర్ట్ ఫౌలర్ 1912లో అమెరికాలోని మసాచుసెట్స్ ప్రయోగశాలలో, మురుగులోకి గాలి ఊదే ప్రయోగాలు చూసివచ్చి తన సహచరులకు ఆ పని అప్పగించాడు. ఎడ్వర్డ్ ఆర్డర్న్, విలియం లాకెట్ అనే ఆ ఇద్దరూ, గాలి ఊదిన తరువాత అడుగున మిగిలే మడ్డిని పారవేయకుండా మరుసటి విడత మురుగులో కలిపి చూశారు. వారాలు పట్టే శుద్ధి గంటల్లోకి వచ్చింది. ఆ మడ్డి నిండా ఆకలిగొన్న సూక్ష్మజీవులే. 1914 ఏప్రిల్ 3న వారు ఆ ఫలితాన్ని ప్రకటించారు. ఇవాళ ప్రపంచంలోని పెద్ద శుద్ధికేంద్రాలు చాలావరకు ఆ పద్ధతినో, దాని సంతతినో నడుపుతున్నాయి. ఫౌలర్ 1916లో బెంగుళూరులోని భారత విజ్ఞానసంస్థకు ఆచార్యుడై వచ్చి కొన్నేళ్ళు ఇక్కడే పనిచేశాడు.

ఈ పద్ధతికి మొదటి లక్ష్యం నదుల్లో చేపలు చావకుండా చూడటం. కుళ్ళే పదార్థం నీటిలోని ప్రాణవాయువును తినివేయకముందే దానిని తొలగించాలి. ఆ పని అది చక్కగా చేసింది. కానీ మామూలుగా నడిపే శుద్ధిలో నత్రజని, భాస్వరం చాలావరకు నీటిలోనే మిగిలిపోతాయి. చూడటానికి తేట, వాసన లేదు, చేప బ్రతుకుతుంది. పొలానికి పెడితే ఎరువు కూడా. ఇంకేమి కావాలనిపిస్తుంది. పగడపు దిబ్బల దగ్గరకు వచ్చేసరికి ఆ సంతృప్తి చెదిరింది.

* * *

మన కోస్తాలో కృష్ణా గోదావరులు మోసుకువచ్చే ఒండ్రూ, మంచినీరూ పగడానికి గిట్టవు. అందుకే మన తీరాన పెద్ద పగడపు దిబ్బలు లేవు. మన దేశంలో అవి మన్నారు సింధుశాఖలో, కచ్ సింధుశాఖలో, లక్షద్వీపాల్లో, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఎందరో తెలుగువాళ్ళున్నారు. ఆ ఊరికి సమీపంలోనే వండూరు దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానం ఉన్నది. కాబట్టి పగడం మనకు సంబంధించని ముచ్చటేమీ కాదు.

పగడం సున్నపురాయిని కట్టే జీవి. సముద్రపు నీటిలో కరిగి ఉన్న సున్నాన్ని తీసి తన గూడు కట్టుకుంటుంది. దాని ఒంట్లో కంటికి కనబడనంత చిన్న నాచుకణాలు కాపురముంటాయి. అవి ఎండను పట్టి వండిన తిండిలో ఎక్కువ భాగం పగడానికి ఇస్తాయి. పోషకాలు తక్కువగా ఉండే, ఎండ లోతుకు దిగే తేటనీటిలోనే ఈ కాపురం చక్కగా సాగుతుంది. నత్రజనీ భాస్వరమూ వచ్చి చేరితే, ఎరువు పడ్డ చేలో కలుపు లేచినట్టు పెద్దనాచు లేచి, పగడాన్ని కమ్మి, ఎండ తగలకుండా చేస్తుంది.

హవాయి దీవుల్లోని ఓఆహూలో కనియోహె అనే అఖాతం ఉన్నది. దాని దక్షిణపు కొసలోకి 1951నుంచి సైనికస్థావరపు మురుగూ, 1963నుంచి పట్టణపు శుద్ధికేంద్రపు నీరూ వదిలారు. బుడగల గుత్తివంటి ఆకుపచ్చ నాచు ఒకటి అక్కడి పగడాలను కప్పివేసింది. 1977, 78లలో ఆ గొట్టాలను అఖాతం బయటి లోతైన సముద్రానికి మళ్ళించారు. దానికి ముందూ తరువాతా శాస్త్రజ్ఞులు ఆ నీటిని నిశితంగా కొలుస్తూ వచ్చారు. నీరు కొద్దికాలానికే తేటపడింది, నాచు తగ్గుముఖం పట్టింది, పగడం మళ్ళీ తలెత్తింది. కానీ కోలుకోవడం సాఫీగా సాగలేదు. ఆ నాచు చాలాచోట్ల మరి రెండు దశాబ్దాలకు పైగా మొండిగా నిలిచి, 2006లో వారాల తరబడి ముసురుపట్టి ఎండ లేకపోయినప్పుడు గానీ కూలిపోలేదు. గొట్టం మూయడం ఒక్కరోజు పని. మూసిన తరువాత లెక్క సరిపోవడానికి ఒక తరం పట్టింది.

కనియోహెలో గొట్టం కళ్ళకు కనబడేది. ఫ్లోరిడా దక్షిణాన ఉన్న కీస్ అనే దీవులమాల సంగతి వేరు. మా కొలిమిగుండ్ల కథకు దగ్గరి చుట్టం అదే. ఆ దీవుల్లో కీ లార్గో వంటివి ఏకంగా పాత పగడపు దిబ్బలే. దాదాపు 1,25,000 ఏళ్ళ క్రితం సముద్రం ఎత్తుగా ఉన్నప్పుడు పెరిగి, సముద్రం దిగినప్పుడు నేలగా మిగిలిన సున్నపురాయి. బొరియలమయం. దానిపై ఇళ్ళు కట్టుకున్నవారు గుంతలు తవ్వుకున్నారు, సెప్టిక్ ట్యాంకులు పెట్టుకున్నారు. గుంతలు నిండలేదు. వాళ్ళూ అదృష్టమనే అనుకుని ఉంటారు.

1990లలో పరిశోధకులు కీ లార్గోలో ఒక ఇంటి మరుగుదొడ్డిలో మనుషులకు హాని చేయని ఒక రకం వైరస్‌ను గుర్తుగా వదిలారు. పదకొండు గంటల్లో అది ప్రక్కనున్న కాలువలో కనబడింది. ఇరవైమూడు గంటల్లో సముద్రంలో తేలింది. ఒక పగలూ ఒక రాత్రీ కూడా పట్టలేదు. 1995లో ఈ ఫలితం అచ్చయింది. ఆ దీవుల చుట్టూ ఉన్న కొమ్ములవంటి పగడాన్ని తెల్లమచ్చల జబ్బు తినివేస్తున్న రోజులవి. దానికి కారణం సెరాషియా మార్సెసెన్స్ అనే బాక్టీరియా అని 2002లో గుర్తించారు. మనుషుల మురుగులో దొరికిన బాక్టీరియానే ఆ జబ్బు పుట్టిస్తుందని 2011లో ప్రయోగపూర్వకంగా రుజువు చేశారు. మనిషి నుంచి పగడానికి రోగం అంటుకున్నదన్నమాట.

ఫ్లోరిడా శాసనసభ 1999లో ఈ దీవులకు ప్రత్యేకంగా చట్టం చేసింది. పెద్ద శుద్ధికేంద్రాలకు ఒక కొలత పెట్టింది. దానిని 5-5-3-1 అని పిలుస్తారు. లీటరు నీటిలో కుళ్ళే పదార్థపు కొలత 5 మిల్లీగ్రాములు, తేలియాడే మడ్డి 5, నత్రజని 3, భాస్వరం 1 మించకూడదు. మొదట 2010 దాకా గడువిచ్చి, తరువాత 2015 దాకా పొడిగించారు. ఇంటింటి గుంతలు మూసి, వీథి వీథికీ గొట్టాలు వేసి, రాతిని తొలుస్తూ ఆ పని చేశారు. నేల ఉచితంగా చేయని పనికి ఎంత ఖర్చవుతుందో అక్కడి పన్నుదారులకు తెలిసివచ్చింది.

ఇంకొక్క ఊరు చెప్పి ఈ భాగం ముగిస్తాను. 2023 ఆగస్టులో కార్చిచ్చుకు బూడిద అయిన లహైనా పట్టణం పేరు మీరు విని ఉంటారు. అది హవాయిలోని మావి దీవిలో ఉన్నది. అక్కడి శుద్ధికేంద్రం 1980లనుంచి శుద్ధిచేసిన నీటిని బోరుల్లోకి దింపేది. సముద్రంలోకి గొట్టం లేదు కనుక సముద్రాన్ని కాలుష్యం చేయడం లేదని స్థానిక ప్రభుత్వ వాదన. 2011 జూలైలో ఆ బోరుల్లో రంగు కలిపారు. ఎనభైనాలుగు రోజులకు తీరంలోని పగడాల మధ్యనున్న ఊటల్లో ఆ రంగు పైకి వచ్చింది. రంగు కలిపిన బోరుల నీటిలో నూటికి అరవైనాలుగు పాళ్ళు అక్కడే పైకి వస్తున్నదని లెక్క తేల్చారు. వ్యాజ్యం అమెరికా సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2020 ఏప్రిల్ 23న తొమ్మిదిమందిలో ఆరుగురు న్యాయమూర్తులు, భూమిలోంచి పోయినా అది నేరుగా సముద్రంలో వదిలినదానితో సమానమైన పని అయితే అనుమతి తీసుకోవలసిందేనని తీర్పు చెప్పారు.

* * *

ఈ తీర్పు చదివినప్పుడు నాకు మన చట్టం గుర్తుకువచ్చింది. 1974లో మన పార్లమెంటు చేసిన జలకాలుష్య నివారణ చట్టంలో ప్రవాహం అన్న మాటకు నిర్వచనం ఉన్నది. నది, వాగు, చెరువువంటి లోతట్టు నీరు, సముద్రం, వీటితోబాటు భూగర్భజలం కూడా అందులో చేర్చారు. ప్రవాహంలోకి గానీ, బావిలోకి గానీ, భూమి మీదికి గానీ కలుషిత పదార్థాన్ని తెలిసి తెలిసి వదలకూడదని 24వ సెక్షను చెబుతుంది. అమెరికా న్యాయమూర్తులు 2020లో తర్జనభర్జన పడిన సంగతిని మనవాళ్ళు నలభైఆరేళ్ళ ముందే ఒక్క పదంలో వ్రాసి పెట్టారు. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడింది. బెలుం బిలం చెత్తతో నిండి ఉన్న కాలమూ అదే.

చట్టంలో మాట ఉండటం వేరు, దొడ్డిలో అది అమలు కావడం వేరు. అమలు చేయవలసినవాడు అధికారి ఒక్కడే కాడు. మా మేస్త్రీ, మా అమ్మ, ప్రక్కింటి చిన్నమ్మ, నేను, అందరమూ ఆ పగులును చూసి ఏమనుకుంటామన్నదాని మీద అది ఆధారపడి ఉన్నది. 2014లో స్వచ్ఛభారత్ మొదలైన తరువాత ఊరూరా మరుగుదొడ్లు వచ్చాయి. చాలా మంచి పని, ఆడవాళ్ళ కష్టం తీరింది. కానీ మరుగుదొడ్డి కట్టడంతో కథ పూర్తికాదు. నల్లరేగడి నేలకు పనికివచ్చే గుంత నాపరాతి నేలకు పనికిరాదు.

దీనికి మార్గం మన ప్రభుత్వపు సూచనల్లోనే ఉన్నది, ఎక్కడో వెతకనక్కరలేదు. జంటగుంతల మరుగుదొడ్డి కట్టేటప్పుడు, రాతిలో పగుళ్ళున్న చోట గుంత అడుగును నీరు దిగకుండా మూసివేయాలి. చుట్టూ అర మీటరు మందాన సన్నని ఇసుక పొయ్యాలి. నీరు ప్రక్కలనుంచి ఆ ఇసుకలోంచి మెల్లగా జారాలి. ప్రకృతి మాకు ఇవ్వని మట్టిని ఆ విధంగా మేమే తెచ్చిపెట్టుకోవాలన్నమాట. ఇసుక రోగక్రిములను బాగా పట్టుకుంటుంది గానీ నత్రజనిని అంతగా ఆపలేదు. కనుక ఇల్లిల్లూ చేసుకున్నంతమాత్రాన సరిపోదు. సున్నపురాతి మీద పెరుగుతున్న ఊళ్ళు ఏదో ఒకనాటికి ఉమ్మడిగా శుద్ధి ఏర్పాటు చేసుకోవలసిందే. అది నా ఒక్కడి చేతిలో లేదు. గుంత మాత్రం నా చేతిలోనిది.

మర్నాడు ఉదయం మేస్త్రీకి ఇదంతా చెప్పాను. ఆబ్సింతూ, హవాయీ చెప్పలేదు. పాతాళగంగ ఎక్కడికి పోతుందని అడిగాను.

"బెలుం ఊరి బాయికి పోతాదంటారు గదన్నా."

"మరి ఇది?"

ఆయన గుంతలోకి చూశాడు. తరువాత గోడ అవతల చిన్నమ్మ వాళ్ళ బోరు వైపు చూశాడు. కాసేపు ఏమీ అనలేదు. "అట్లయితే ఖర్చు అయితాది" అన్నాడు చివరకు.

అయింది. ఒక ట్రాక్టరు సన్న ఇసుక, రెండు రోజుల కూలి, మూడు మూటల సిమెంటు అదనం. పగులులో రాళ్ళు దూర్చి, సిమెంటు పోసి మూశాడు. లోతు తగ్గించి వెడల్పు పెంచాడు. ప్రక్కన రెండవ గుంత కట్టాడు. అడుగు గచ్చు ఆరిన తరువాత, మొదటినాటి మాదిరిగానే ఒక బక్కెట్టు నీళ్ళు తెప్పించి కుమ్మరించాడు. నీళ్ళు నిలబడ్డాయి.

"ఇది నిండుతాది అన్నా. రెండు మూడేండ్లకు దాంట్లోకి మళ్ళించి, ఇది తోడించాల" అన్నాడు, ఏదో నష్టం చెబుతున్నట్టు.

"తోడిద్దాంలే" అన్నాను.

చిన్నమ్మ గోడ మీదుగా చూసి, మంచి బిలాన్ని పాడుచేసుకున్నామని మా అమ్మతో అన్నదట. ఈ వేసవిలోనూ మా బోరు ఎండిపోయింది. రోజూ సాయంత్రం ఆమె బోరు దగ్గరకు రెండు బిందెలు పట్టుకుపోతున్నాము.